కవర్, ర్యాప్, కేస్, స్లీవ్: ఏ మాట ఎక్కడ?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. పదో తరగతి చదివే వాళ్లమ్మాయి "నాన్నమ్మ పట్టుచీరను గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ "కవర్డ్" అని రాసిందట. టీచరు కొట్టేశారట. అన్నిటికీ కవర్ అంటే చాలదా, ఈ ర్యాప్, కేస్, స్లీవ్, షీత్ అన్నీ ఎందుకని అడిగారు.

చాలదండీ. నేనీ సంగతి నష్టపోయి తెలుసుకున్నాను.

మాది బరంపురం. మావయ్యకు పట్టుచీరల కొట్టు ఉంది. దూరప్రాంతాల ఆర్డర్లకు ఉత్తరాలు రాసేది నేనే. పని మొదలుపెట్టిన కొత్తలో ఇంగ్లండులో ఉండే ఒకావిడ మా బరంపురం పట్టుకు పేరుపడ్డ ఫొడకుంభ అంచు చీర తెప్పించుకున్నారు. "పార్సెల్ విల్ కమ్ విత్ కవర్" అని రాశాను. నా మనసులో ఉన్నది పాలిథిన్ కవర్. మన దగ్గర కూరగాయలు తెచ్చుకునేదీ కవరే, ఉత్తరం పెట్టేదీ కవరే, పుస్తకానికి వేసే అట్టా కవరే. ఆవిడ మాత్రం ఆ వాక్యాన్ని వేరేగా చదువుకున్నారు. పార్సెళ్ల విషయంలో అక్కడివాళ్లకు కవర్ అంటే బీమా. వానాకాలం, దారిలో ఎక్కడో పెట్టె తడిసింది, జరీ నల్లబడింది. బీమా సొమ్ము ఎలా తీసుకోవాలని ఆవిడ అడిగారు. మేం బీమా చెయ్యనేలేదు. ఆవిడ తప్పేమీ లేదు, నేను రాసిన మాటను నమ్మారంతే. మావయ్య నన్ను ఒక్క మాటా అనకుండా సగం డబ్బు వెనక్కి పంపించారు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత మావయ్య పార్సెల్ కట్టేటప్పుడల్లా పక్కన కూర్చుని చూసేవాణ్ణి. జరీకి జరీ రాసుకోకుండా మడతల మధ్య పల్చటి కాగితం పెడతారు. తెల్ల నూలుగుడ్డ పరిచి, చీరను మధ్యలో ఉంచి, నాలుగు కొసలూ ఒకదాని మీదికి ఒకటి తెచ్చి చుడతారు. ఆ మూటను పాలిథిన్ సంచిలోకి జారవిడిచి, అట్టపెట్టెలో దించుతారు. పెట్టెకు గాడా అనే ముతక గుడ్డ తొడిగి, దబ్బనంతో కుట్టి, కుట్ల మీద లక్క కరిగించి ముద్ర వేస్తారు. చూస్తూ చూస్తూ ఉండగా తట్టింది: చెయ్యి ఒక్కోసారి ఒక్కో పని చేస్తోంది, తెలుగులో ఆ పనికి తగిన క్రియ మనకు ఎప్పుడో ఉంది. కప్పడం, చుట్టడం, తొడగడం, మూయడం, పూయడం. అన్నిటికీ కవర్ తగిలించేసరికి తేడా చెరిగిపోతోంది. మీ అమ్మాయిని ఇంగ్లీషు మాట వెతికే ముందు ఈ క్రియ చూసుకోమనండి.

పైనుంచి కప్పితే కవర్. అన్నం గిన్నె మీద పళ్లెం బోర్లించినా, బిడ్డ మీద దుప్పటి కప్పినా కవరే. వస్తువు చుట్టూ గుడ్డో కాగితమో తిప్పితే ర్యాప్. ఒడియా వచ్చిన పిల్ల కదా, ఇంకా తేలిక: ఘొడేఇబా అన్నచోట కవర్, గుడేఇబా అన్నచోట ర్యాప్. కవర్ తర్వాత దేనితో కప్పామో చెప్పడానికి విత్ వస్తుంది, ర్యాప్ తర్వాత దేనిలో చుట్టామో చెప్పడానికి ఇన్ వస్తుంది. ఒంటికి చీర కట్టుకోవడానికి మాత్రం డ్రేప్ అన్న మాట బాగుంటుంది. కుచ్చిళ్లు, పైట జారే తీరు అందులో ఉంది.

తొడిగేవాటి దగ్గరే పిల్లలు ఎక్కువ తడబడతారు. కళ్లజోడు పెట్టుకునే గట్టి డబ్బా కేస్. దిండు గలీబు మెత్తగా ఉన్నా పిల్లోకేసే, అది వాడుకలో అలా స్థిరపడింది. ఒక పక్క తెరిచి ఉండి, వస్తువు లోపలికి జారిపోయేది స్లీవ్. చొక్కా చేతిని గుర్తు తెచ్చుకుంటే ల్యాప్‌టాప్ స్లీవ్ అర్థమైపోతుంది. కత్తికి ఒర షీత్. కత్తిని ఒరలో పెట్టడం చెప్పాలంటే చివర ఇంగ్లీషు అక్షరం 'e' చేరి షీద్ అవుతుంది. ఎన్వలప్ దగ్గర దీనికి సరిగ్గా తిరగబడుతుంది. చివర 'e' ఉంటే ఉత్తరం పెట్టే కవరు, లేకపోతే ఆవరించడం అనే క్రియ. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.

మూసేవాటిలో గిన్నెకు లిడ్, సీసాకు క్యాప్. రంగు పూస్తే కోట్.

టార్పాలిన్ అన్న మాట మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు. ఆ మధ్యాహ్నం మేం కొట్టు పెంకుల మీద టార్పాలిన్ పరిచి, మోకులతో కిటికీ ఊచలకు బిగించి కట్టాం. తెల్లారేసరికి సగం చిరిగిపోయింది, మిగిలిన సగం కింద ఉన్న మగ్గం మాత్రం తడవలేదు. టార్ అంటే తారు, పాల్ అంటే పరిచే బరువైన గుడ్డ. ఓడల మీద సరుకు తడవకుండా తారు పూసిన గుడ్డ కప్పేవారు. కప్పడమూ పూయడమూ రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

గన్నీ బ్యాగ్ మన దేశం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట. సంస్కృతంలో గోణి, తెలుగులో గోనె. ఆ గుడ్డనే బ్రిటన్‌లో హెసియన్ అంటారు, అమెరికాలో బర్లాప్ అంటారు. కొనేవాళ్లు ఏ దేశమో చూసి నేను మాట మారుస్తాను.

జాగ్రత్త పడాల్సిన జంట ఒకటుంది. పొత్తిళ్లలో బిడ్డను చుట్టడం స్వాడిల్, శవానికి చుట్టే గుడ్డ ష్రౌడ్. రెండూ తెల్లగుడ్డతో చుట్టడమే కదా అని ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే ఇంటిల్లిపాదీ నొచ్చుకుంటారు. మీ వైపు మహేంద్రగిరిని మంచు కమ్మేస్తే మాత్రం ష్రౌడెడ్ ఇన్ మిస్ట్ అని నిక్షేపంగా రాయొచ్చు.

ర్యాప్ అప్ అంటే పని ముగించడం, చలికి నిండుగా కప్పుకోవడం కూడా. కవర్ అప్ అంటే తప్పును దాచిపెట్టడం అనే అర్థమూ ఉంది కాబట్టి ఆఫీసు ఉత్తరాల్లో చూసుకుని వాడాలి.

మీ అమ్మాయి వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: "గ్రాండ్‌మదర్ ర్యాప్డ్ ద సిల్క్ సారీ ఇన్ ఎ క్లాత్ అండ్ పుట్ ఇట్ ఇన్ ద ట్రంక్." నాన్నమ్మగారు చుట్టింది పాత నూలుపంచె ముక్క అయితే క్లాత్ బదులు "పీస్ ఆఫ్ ఓల్డ్ కాటన్" అని రాయించండి. దాచిపెట్టే పట్టుకు అదే మంచిది, చాలాకాలం పాలిథిన్‌లో ఉంచితే చెమ్మ నిలిచి జరీ పాడవుతుంది.