టెక్ సందేహాలు: పావురం ముందా, మన నెట్ ముందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోల. నెట్ నెమ్మది, వీడియో వెళ్లడం లేదు. ఈసారి మాత్రం ముగ్గురు పాఠకులు తమ బాధని వింత లెక్కలుగా మార్చి పంపారు. లెక్క వింతదే కానీ అందులోని అంకెలు నిజమైనవి. అందుకే మూడూ కూర్చుని వేశాను.

*"కోరాపుట్‌లో జరిగిన మా అమ్మాయి పెళ్లి వీడియోలు 128 జీబీ మెమరీ కార్డు నిండా ఉన్నాయి. జయపురంలో ఉన్న మా ఆడపడుచుకి పంపాలి. మా అప్‌లోడ్ వేగం 4 ఎంబీపీఎస్. పూర్వం ఇక్కడి పోలీసులకి పావురాలు ఉండేవట. కార్డు పావురం కాలికి కట్టి పంపితే నెట్ కంటే ముందు చేరుతుందా అని మా మనవడు పట్టుబట్టాడు."*

చేరుతుందమ్మా, చాలా ముందు చేరుతుంది. మీ మనవడు విన్నదీ నిజమే. ఒడిశా పోలీసుల పావురాల దళం 1946లో మీ కోరాపుట్‌లోనే మొదలైంది. సైన్యం ఇచ్చిన 200 పావురాలతో పెట్టారు. 1982 వరదల్లో, 1999 తుఫానులో తీగలు తెగిపోతే కబుర్లు మోసింది ఆ పావురాలే.

ఇక లెక్క. 4 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 4 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్ కనుక అది సెకనుకి అర ఎంబీ. ఆ లెక్కన 128 జీబీ వెళ్లడానికి 2,56,000 సెకన్లు, అంటే 71 గంటలు. మూడు రోజులకి ఒక్క గంట తక్కువ. అదీ మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. కొండల మీదుగా నేరుగా ఎగిరే దూరం చూస్తే జయపురం దాదాపు 16 కిలోమీటర్లు. గంటకి 60 కిలోమీటర్ల చొప్పున పావురానికి 16 నిమిషాలు చాలు. పంపే కార్డులోకి నకలు ఎక్కించడానికి 53 నిమిషాలు, అక్కడ దింపుకోవడానికి 27 నిమిషాలు కలిపినా గంటా ముప్పై ఆరు నిమిషాల్లో పని అయిపోతుంది. మీ నెట్ కంటే 44 రెట్లు వేగం. ఒక్క ఫొటో పంపాలంటే మాత్రం నెట్టే మేలు. నా లెక్కలో 490 ఎంబీ దగ్గర రెండూ సమానం. 2009లో దక్షిణాఫ్రికాలో ఈ పోటీ నిజంగానే పెట్టారు. 4 జీబీ కార్డుతో ఎగిరిన పావురం గంటా ఎనిమిది నిమిషాల్లో చేరింది. కార్డులోది దింపుకోవడం కూడా అయ్యేసరికి నెట్‌లో వెళ్లింది 4 శాతం.

ఒక చిక్కుంది. పావురం తన గూటికే తిరిగి వస్తుంది తప్ప మనం చెప్పిన చిరునామాకి వెళ్లదు. జయపురంలో పెరిగిన పావురాన్ని ముందు బుట్టలో పెట్టి కోరాపుట్ తీసుకురావాలి. బస్సులో బుట్ట తెచ్చే మనిషే తిరుగు బస్సులో కార్డు పట్టుకెళ్లినా రెండున్నర గంటల్లో పని అయిపోతుంది.

నాకు భయం వేగం గురించి కాదు. దారిలో ఆ పావురాన్ని డేగ తన్నుకుపోతే కార్డు ఎవరి పెరట్లో పడుతుంది? అందులో పెళ్లి ఒక్కటే ఉందా? ఆ మధ్య పర్లాకిమిడి బజారులో ఒక దుకాణంలో పాత కార్డులు అగ్గిపెట్టెలో పోసి అమ్ముతుంటే ఒకటి కొన్నాను. చిటికెన వేలి గోరంత ఉంది, మూల కొంచెం అరిగింది. ఫోన్‌లో పెడితే ఖాళీ అని చూపించింది. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపితే అరగంటలో ఒక కుటుంబం మొత్తం బయటికి వచ్చింది. ఆధార్ ముందూ వెనకా, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఒక అమ్మాయి హాల్ టికెట్, బాలింత పక్కన పడుకున్న పసిబిడ్డ. అమ్మినవాళ్లు అన్నీ డిలీట్ చేశామనే అనుకుని ఉంటారు. డిలీట్ నొక్కితే పోయేది పేరు మాత్రమే. ఆ చోట కొత్తది వచ్చి పడేదాకా పాతది అలాగే ఉంటుంది. నేను ఆ కార్డుని కత్తెరతో ముక్కలు చేశాను.

కాబట్టి పావురంతో పంపినా, బస్సులో పంపినా, స్టూడియోవాళ్ల చేతికిచ్చినా ముందు 7-జిప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లన్నిటినీ పాస్‌వర్డ్ పెట్టి మూట కట్టండి. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి అదే కవర్లో పెట్టకండి, ఫోన్ చేసి చెప్పండి. కార్డు ఎవరికైనా ఇచ్చేముందు కంప్యూటర్లో క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. అందులో ఆధార్ ఎప్పుడైనా ఉండి ఉంటే అసలు అమ్మనే వద్దు. నూరో నూటయాభయ్యో వస్తాయని ఇంటి గుట్టు అమ్ముకుంటామా?

ఇక్కడే ఇంకో కోపం. 3 జీబీ అప్‌డేట్‌ని అడక్కుండా దింపేసే ఫోన్లు ఎక్కువయ్యాయి. డౌన్‌లోడ్ వేగం కూడా 4 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో అది గంటా నలభై నిమిషాలు. అంతసేపూ ఇంట్లో ఎవరి ఆన్‌లైన్ క్లాసూ నడవదు, ఎవరి వీడియో కాలూ కలవదు. వీటిని తయారుచేసేవాళ్లు కోరాపుట్ కొండల్లో ఒక్కరోజు ఉండి ఆ ఫోన్ వాడితే చాలు, "ఇప్పుడా, రాత్రికా" అని అడిగే బటన్ మర్నాడే వస్తుంది.

*"బరంపురం నుంచి గోపాల్‌పూర్‌కి నా ఈ-రిక్షా నడవాలంటే ఎన్ని ఫోన్ బ్యాటరీలు కావాలి? మా ఇంట్లో పాతవి ఏడున్నాయి."*

ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అయితే దాంట్లో దాదాపు 19 వాట్-అవర్లు ఉంటాయి. మీ రిక్షాలో 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలు నాలుగుంటే మొత్తం 4,800. అంటే పూర్తి బలానికి 250 ఫోన్లు కావాలి. గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లే కనుక అంతకంటే తక్కువైనా సరిపోవచ్చు, కానీ దయచేసి మొదలుపెట్టకండి. వయసు వేరు వేరుగా ఉన్న లిథియం బ్యాటరీలని ఒకే కట్టగా కడితే నిప్పు పుట్టవచ్చు. ఆ ఏడింటిలో ఉబ్బినది ఉంటే ఈరోజే ఇంట్లోంచి తీసేయండి. ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి, చెత్తబుట్టలో వేయకండి.

*"పర్లాకిమిడిలో రైలెక్కాక నా ఫోన్ పోయింది. గుణుపురం చేరడానికి గంటన్నర. దొంగ ఐదు సెకన్లకి ఒక పిన్ చొప్పున నొక్కుకుంటూ పోతే దిగేలోపు నా నాలుగంకెల పిన్ దొరుకుతుందా?"*

గంటన్నరకి 5,400 సెకన్లు, అంటే 1,080 ప్రయత్నాలు. మొత్తం పిన్‌లు 10,000. మీ పిన్ ఏ వరసా లేనిదైతే దొరికే అవకాశం 11 శాతంలోపే. పుట్టిన రోజూ నెలా పెట్టుకుని ఉంటే 366 ప్రయత్నాలు చాలు, అరగంటలో తెరుచుకుంటుంది. పుట్టిన సంవత్సరం పెట్టుకుంటే, 1950 నుంచి 2010 దాకా అన్నీ నొక్కినా ఐదు నిమిషాలు. రైలు ఇంకా ఊరు దాటదు. తప్పు పిన్‌లు ఎక్కువైతే ఫోన్ ఆగమంటుంది కనుక నిజంగా దొంగకి ఇంత తీరిక దొరకదు. అయినా పిన్ ఆరంకెలు చేయండి. అదే గంటన్నరలో అప్పుడు దొరికే అవకాశం వెయ్యిలో ఒక్క వంతే.

మీరు అడగనిది ఒకటుంది. పని తెలిసిన దొంగ పిన్ జోలికే పోడు. మీ సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుంటాడు. బ్యాంకు ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. దీనికి అడ్డం సిమ్ పిన్. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని ఉంటుంది. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోతుంది. కంపెనీ ఇచ్చిన మొదటి పిన్ ఏదో ఊహించి కొట్టకండి, కస్టమర్ కేర్‌ని అడిగి మార్చుకోండి. ఓటీపీ లాక్ స్క్రీన్ మీద కనపడకుండా నోటిఫికేషన్లు దాచేయండి. ఫోన్ పోయాకైతే ముందు వేరే ఫోన్ నుంచి సిమ్ ఆపించండి, తర్వాత బ్యాంకుకి చెప్పండి. డబ్బు కదిలిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. గుణుపురం వచ్చేదాకా ఆగకండి, పక్క సీటువాళ్ల ఫోన్ అడగండి.