కౌన్సిలర్ మీద ఫిర్యాదా? ముందు మీ కోపాన్ని కొట్టివేయండి

చెన్నైలో ఇల్లు కట్టుకుంటుంటే కౌన్సిలర్ పేరు చెప్పి మనుషులు డబ్బు అడుగుతున్నారు, ఎవరికి ఫిర్యాదు చేయాలి, చేస్తే ఫలితం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. అయితే అది మీరు ఎవరికి ఇచ్చారన్న దానికంటే ఎలా రాశారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఈ మాట నాకు ఒకసారి బాగా తగిలాక తెలిసింది.

2023లో మా పాత ఇంటికి మురుగు గొట్టం మార్చాల్సి వచ్చింది. దానికి రోడ్డు తవ్వాలి. ఇసుక దింపిన మరునాడే ఇద్దరు కుర్రవాళ్లు వచ్చి, "అన్నను ఒకసారి కలవండి" అన్నారు. అన్న అంటే కౌన్సిలర్ గారి భర్త. ఆయన ఇరవై అయిదు వేలు చెప్పారు. రసీదు ఇస్తారా అని అడిగాను. నవ్వారు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. నా ఇంగ్లీషు మీద నాకు కొంచెం గర్వం. ఆ రాత్రే మూడు పేజీలు నా చేతిరాతతో దంచేశాను. ప్రజాస్వామ్యం, పన్ను కట్టే పౌరుడి ఆవేదన, గాంధీ గారు, అన్నీ అందులో ఉన్నాయి. తీసుకెళ్లి ఒక కార్యాలయంలో ఇచ్చాను. అక్కడి గుమస్తా మొదటి పేజీ చూసి, రెండో పేజీ తిప్పి, మూడోది తిప్పకుండానే ట్రేలో పడేశాడు. నకలు మీద ముద్ర వేయించుకోవాలని నాకు తోచనే లేదు.

నాలుగో రోజు సాయంత్రం ఆ భర్తగారే మా ఇంటికి వచ్చారు. చేతిలో నా మూడు పేజీల జిరాక్స్. మా ఆవిడ కాఫీ ఇస్తే పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, తెలుగులోనే అన్నారు: "మీ చేతిరాత చాలా బాగుంది సార్. మా అమ్మ వైపు వాళ్లదీ నెల్లూరే. మనలో మనకు ఇదంతా ఎందుకు?" బెదిరించి ఉంటే ఇంత భయపడేవాణ్ణి కాదు. ఎవరి మీద రాశామో కాగితం వారి చేతికే చేరితే ఇక ఫిర్యాదు ఎవరికి చేసినట్లు?

మరునాడు కోర్టు బయట చెట్టు కింద అర్జీలు రాసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నా కాగితాలు చదివించుకుని, ఎర్ర పెన్నుతో ఒక్కో వాక్యం దగ్గర ఆగి, "ఇది కోపం, తీసేద్దాం" అంటూ కొట్టేశారు. గాంధీ గారు కూడా పోయారు. మిగిలింది తమిళంలో పద్నాలుగు వరుసలు: ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరు వచ్చారు, ఎంత అడిగారు, పక్కన ఎవరున్నారు. రెండు వందలు తీసుకున్నారు.

ఆయన చెప్పిన మరో మాట ముఖ్యం. చెన్నైలో సగం వార్డులు మహిళలకు కేటాయించారు, మంచిదే. కానీ పెత్తనం చాలాచోట్ల భర్తలదే. "భర్త డబ్బు అడిగాడు" అని మాత్రమే రాస్తే, ఆయనకు ఏ పదవీ లేదు కదా అని తప్పించుకుంటారు. కౌన్సిలర్ పేరు మీద అడిగాడనీ, ఏ అనుమతి ఇప్పిస్తానన్నాడో కూడా రాయాలి.

ఇక్కడ ఒక ఉక్రోషం వెళ్లగక్కనివ్వండి. ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా ఉంటూ బస్సు బోర్డు తమిళంలో చదవలేని తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ణి. మన సంఘాలు ఉగాదికి కవి సమ్మేళనం పెడతాయి, శాలువాలు కప్పుతాయి. తమిళంలో అర్జీ రాసిపెట్టే మనిషిని మాత్రం వారానికి ఒక గంటైనా కూర్చోబెట్టవు.

సరే, ఎవరికి ఇవ్వాలి? మేయర్‌కు ఇచ్చినా ఆవిడ కౌన్సిలర్‌ను తీసేయలేరు. ఆ అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, అప్పుడు తొలగిస్తారు. జరగదని అనుకోకండి, 2025 మార్చిలో చెన్నై కౌన్సిలర్లు ఇద్దరిని తొలగిస్తూ ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. కాబట్టి ఒక ప్రతి కార్పొరేషన్ కమిషనర్‌కు, ఒకటి పురపాలక శాఖ కార్యదర్శికి పంపండి. డబ్బు అడిగిన వ్యవహారమైతే మూడోది డీవీఏసీకి. మనవైపు ఏసీబీ అంటామే, ఇక్కడ అదే. ఇవ్వకముందే వెళితే వాళ్లు వల పన్నగలరు. బలవంతం మీద ఇచ్చేసి ఉంటే ఏడు రోజుల లోపల చెప్పాలి, లేకపోతే ఇచ్చిన మీరూ నేరంలో ఇరుక్కుంటారు. 2018లో మార్చిన చట్టం అలా ఉంది.

బెంగళూరులో ఉన్న మా తోడల్లుడికి ఈ బాధే లేదు. అక్కడ 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల పదవీకాలం ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలే పెట్టలేదు. "తిట్టడానికైనా ఒకరుండాలి కదా బావా" అంటాడు. మా చెన్నైలోనూ 2016 నుంచి 2022 దాకా అదే పరిస్థితి. అప్పుడు వీధి దీపం వెలగకపోతే ఎవరింటి ముందు నిలబడాలో తెలిసేది కాదు.

నా తమిళ కాగితాలు రిజిస్టర్ పోస్టులో వెళ్లాయి. రసీదు కార్డులు వెనక్కి వచ్చాయి, ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. మూడు వారాలకు రోడ్డు తవ్వే అనుమతి పైసా అదనంగా ఇవ్వకుండానే వచ్చింది. ఆ పద్నాలుగు వరుసల వల్లే వచ్చిందని నేను ఎవరితోనైనా పందెం కడతాను. కౌన్సిలర్ గారికి మాత్రం ఏమీ కాలేదు. విచారణకు నన్ను పిలిచారు, వెళ్లాను. అధికారి మొదట అడిగిన ప్రశ్న, ఆ కుర్రవాళ్లు వచ్చింది ఉదయమా, మధ్యాహ్నమా అని. కాగితంలో ఉదయం అని ఉంది, నా నోటి నుంచి మధ్యాహ్నం అని వచ్చింది. ఆయన పెన్ను మూసేశారు. మీ ఇంటికి వాళ్లు ఏ పూట వచ్చారో ఇప్పుడే క్యాలెండర్ మీద రాసిపెట్టండి.