పాత హై-లో కొన్నావంటగా బంగారూ

బంగారూ,

మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది, నువ్వూ అల్లుడూ కలిసి పాత హై-లో ట్రైలర్ కొన్నారని, అదే, కారు వెనక లాక్కెళ్లి, ఆగిన చోట కప్పుతో సహా పై సగాన్ని ఆయిల్ ప్రెషర్‌తో లేపుకునే క్యాంపింగ్ బండి, ఈ సమ్మర్ పిల్లల్ని వేసుకుని ఇండియానా డ్యూన్స్ దాకా వెళ్తున్నారని. ఎంత సంతోషమేసిందో, మా ఇంట్లో అలాంటిది ఉన్నప్పుడు వెనక సీట్లో గోల చేసిన పిల్లవి నువ్వు, ఇప్పుడు నువ్వే లాక్కెళ్తానంటున్నావు! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు, ఆ కప్పు సంగతి నాకు తెలుసు కాబట్టి.

తేలికవి ముందు చెప్పేస్తా. ట్రైలర్ లెవెల్ చేసి, చక్రాలకి అడ్డాలు పెట్టి, మూలల జాకీలు దించాకే కప్పు లేపే స్విచ్ నొక్కాలి. మోటర్ మూలుగుతుంటే పంపు పోయిందని కంగారు పడకు, ముందు బ్యాటరీ టెర్మినల్స్ గీకి చూడు. ఆయిల్ లెవెల్ కప్పు పూర్తిగా దించి ఉన్నప్పుడే చూడాలి, లేపి ఉంటే ఆయిల్ సిలిండర్లోకి వెళ్లి ట్యాంకు వెలితిగా కనిపిస్తుంది, అయ్యో అని నింపావంటే దించేటప్పుడు పొంగి నేలపాలు. ఏ ఆయిలో మాన్యువల్లో ఉన్నదే పొయ్యి, చేతికందింది కదా అని బ్రేక్ ఫ్లూయిడ్ పొయ్యకు, సీల్స్ ఉబ్బి పాడైపోతాయి. దించే ముందు లోపల గట్టు మీద గిన్నె గానీ సీసా గానీ ఉండకూడదు, పై అల్మరాలు వాటి మీదకే దిగుతాయి.

ఇప్పుడు అసలు విషయం. లేపేటప్పుడు మోటర్ ఆయిల్‌ని సిలిండర్లోకి తోస్తుంది, ఆ రాడ్ కేబుళ్లని లాగుతుంది, కేబుళ్లు పుల్లీల మీదుగా నాలుగు మూలల్నీ లేపుతాయి. దించేటప్పుడు మోటర్ పనేం లేదు, వాల్వ్ తెరుచుకుంటే కప్పు బరువే ఆయిల్‌ని వెనక్కి నెడుతుంది. అంటే పైకి లేచిన కప్పుని పట్టుకుని ఉన్నది ఒక వాల్వ్, ఒక హోస్, కాస్త ఆయిల్, నాలుగు కేబుళ్లు, అంతే. వాల్వ్‌లో నలుసు పడితే మెల్లగా దిగుతుంది, హోస్ పగిలితే మెల్లగా దిగదు.

మీ పెద్దనాన్న ఇంత పని తెలిసిన మనిషి కూడా ఒక్కచోట పొరపాటు చేశారు. మొహికన్ స్టేట్ పార్క్‌లో మాకొచ్చిన సైట్ ఒక పక్కకి వాలుగా ఉంది, చీకటి పడుతోంది, పిల్లలు ఆకలని గొడవ, లెవెల్ సరిగ్గా చెయ్యకుండానే కప్పు లేపేశారు. దూరంగా నిలబడి చూస్తే వెనక ఎడమ మూల కిందకి ఉన్నట్టు కనిపించింది. కేబుల్ సాగిందనుకుని ఆ మూల కేబుల్‌ని బిగించే నట్ తిప్పి బిగించేశారు. సాగింది కేబుల్ కాదమ్మా, వాలింది ట్రైలర్! ఆయన నేలతో పోల్చి చూశారు, చూడాల్సింది కింది బాడీ అంచుతో. ఇంటికొచ్చి చదునైన డ్రైవ్‌వేలో లేపితే కప్పు మెలి తిరిగినట్టు లేచింది, దించబోతే సగంలో ఇరుక్కుపోయింది, పక్క రబ్బరు సీల్ నలిగింది. అప్పుడైనా ఆగాలా వద్దా? బరువంతా కేబుల్ మీదుండగానే, కింద ఆనింపు ఏమీ పెట్టకుండా, పక్కన పడుకుని, ఆ నట్ కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ వదులు చేశారు. ఇరుక్కున్న పక్క ఒక్కసారిగా వదిలింది. బొటనవేలు నలిగి గోరు ఊడింది, చెయ్యి ఇంకాస్త లోపలుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్లు వణుకుతాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా ఆ మనిషి, సీల్ కొత్తది దొరుకుతుందో లేదో అని దిగులు పడ్డారు తప్ప వేలు గురించి మాట్లాడలేదు. అంత ప్రేమ ఆ బండంటే.

అందుకే నువ్వు ఇలా చెయ్యి. లెవెల్ చేసిన నేల మీద పూర్తిగా లేపి, నాలుగు మూలలా కప్పు అంచు నుంచి కింది బాడీ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకో. తేడా ఉంటే కప్పు పూర్తిగా దించి, కేబుళ్లు వదులయ్యాక, తక్కువున్న మూల నట్ అర చుట్టు బిగించు, మళ్లీ లేపు, మళ్లీ కొలువు. విసుగొస్తుంది, రానీ. సరిపోయాక లాక్ నట్ బిగించడం మరిచిపోకు. కేబుల్లో ఒక్క తీగ తెగి కనిపించినా నాలుగూ మార్పించెయ్. ఒహాయో బట్లర్‌లో వీటిని తయారుచేసిన కంపెనీ 2010లోనే మూతపడింది కాబట్టి విడిభాగాలు వెతుక్కోవాలి, ట్రిప్ ముందురోజు కాదు, ఇప్పుడే.

కప్పు లేచి ఉండగా కింద చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు నాలుగు మూలలా గట్టి ఆనింపులు పెట్టు, నా మీద ఒట్టు. హోస్ ఎక్కడ కారుతోందో వేలితో తడమకు, అట్టముక్క పెట్టి చూడు, సన్నని చిల్లులోంచి ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న చుక్కలా ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకే. పిల్లలు స్విచ్ దగ్గరికి రాకూడదు, దించేటప్పుడు ఇద్దరూ నీ కళ్ల ముందుండాలి, అల్లుడు వాళ్ల చేతులు పట్టుకుని దూరంగా నిలబడాలి, ఫోన్ చూసుకుంటూ కాదు.

తిడుతున్నా అనుకోకు తల్లీ. ఆదివారం వీడియో కాల్ చేసి ఆ కేబుళ్లూ నట్లూ దగ్గరగా చూపించు, మీ పెద్దనాన్నని కూడా పక్కన కూర్చోబెడతా, అప్పటిదాకా కప్పు లేపకు.

మీ పెద్దమ్మ