సమాధానం: ఆరుగురికి వెయ్యి లీటర్ల ట్యాంకు సరిపోతుందా?

దేవరకొండలోని మీ ఇంట్లో ఆరుగురు ఉన్నారని, నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని, మిద్దెపై వెయ్యి లీటర్ల ట్యాంకు చాలుతుందా అని అడిగారు. చాలదండీ. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అనే లెక్క ప్రకారం మీకు రోజుకు 810, రెండు రోజులకు 1620 లీటర్లు కావాలి.

అయితే రెండు వేల లీటర్ల ట్యాంకును నేరుగా మిద్దెపై పెట్టమని నేను చెప్పను. నిండితే నీటి బరువే రెండు టన్నులు కనుక, పాత ఇంటి స్లాబు మధ్యలో అంత భారం మోపడం ప్రమాదకరం. ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతుతో సంపు కట్టించి, పైన అర అడుగు ఖాళీ వదిలినా దాదాపు 1980 లీటర్లు నిలుస్తాయి. అప్పుడు మిద్దెపై మీరనుకున్న వెయ్యి లీటర్ల ట్యాంకే చాలు, దానినైనా పిల్లర్ల మీదుగా వెళ్లే దూలాలపైనే నిలపండి.

బోరు నీటిని మాత్రం ఆ సంపులో కలపకండి. నల్లగొండ భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మనకు కొత్త కాదు; బోరుకు 500 లీటర్ల ట్యాంకు విడిగా పెట్టి, తాగడానికి కాకుండా ఇతర వాడకానికి మాత్రమే ఉంచుకోండి.