ఎం2 మ్యాక్‌బుక్‌లో రెవిట్ నడపడం ఎలా?

తమ్ముడూ, బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) స్టూడియో క్లాసుకి రెవిట్ (భవనాల 3డీ మోడల్ గీసే ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్, విండోస్‌లోనే నడుస్తుంది) కావాలి, చేతిలో ఉన్నదేమో 8 జీబీ ర్యామ్ ఉన్న ఎం2 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్, మ్యాక్‌లో విండోస్ వేసుకునే బూట్‌క్యాంప్ ఎంత వెతికినా కనబడట్లేదు అన్నావు కదా. కనబడదు. అది ఇంటెల్ చిప్ మ్యాక్‌లకే. 2020లో ఆపిల్ సొంత చిప్ ఎం1 వచ్చాక కొత్త చిప్‌లకి ఆ దారి మూసుకుపోయింది.

మిగిలింది ప్యారలల్స్ లాంటి, మ్యాక్ లోపలే విండోస్‌ని నడిపే యాప్. అందులో ఆర్మ్ రకం (ఎం2 లాంటి చిప్‌లకి సరిపడే) విండోస్ 11 వేస్తే, ఇంటెల్ తరహా చిప్‌ల కోసం రాసిన రెవిట్‌ని ఎమ్యులేట్ చేసి, అంటే అప్పటికప్పుడు తర్జుమా చేసి నడుపుతుంది. ఆటోడెస్క్ అధికారిక సపోర్ట్ మాత్రం లేదు, ఎక్కడైనా ఆగిపోతే దిక్కు మనమే. నా 16 జీబీ మ్యాక్‌లో విండోస్‌కి సగం ఇస్తే రెండంతస్తుల ఇంటి మోడల్ బాగానే కదిలింది. నీ 8లో సగమంటే అటు మ్యాకూ ఇటు విండోసూ రెండూ రొప్పుతాయి. అందుకే ముందు ప్యారలల్స్ ట్రయల్‌లో నీ అసలు ఫైలే తెరిచి చూడు, తర్వాతే డబ్బు కట్టు.

ఫైల్‌ని మ్యాక్ డెస్క్‌టాప్ మీద కాకుండా విండోస్ సీ డ్రైవ్‌లో సేవ్ చెయ్యి. చక్రం ఉన్న మౌస్ ఒకటి కొను. షిఫ్ట్ పట్టుకుని చక్రం నొక్కి జరిపితే 3డీ వ్యూ తిరుగుతుంది, ట్రాక్‌ప్యాడ్‌తో వేళ్లు వంకర్లు పోతాయి.

ఆటోక్యాడ్, స్కెచప్, రైనోలకి మ్యాక్ వెర్షన్లే ఉన్నాయి, వాటికి ఈ తంటా వద్దు. రెండరింగ్ (మోడల్‌ని ఫొటోలా తయారుచేసే పని) కాలేజీ ల్యాబ్‌లో కానిచ్చెయ్.