వాతావరణ మార్పు లెక్కలు: అంకెల వెనక ఎవరి విలువలు?

ప్రశ్న: భూమి వేడెక్కుతోందని ఒప్పుకున్న ఆర్థికవేత్తల్లోనే ఒకరు ఇప్పుడే భారీగా ఖర్చు పెట్టాలంటారు, మరొకరు నెమ్మదిగా పెంచుకుంటూ పోదామంటారు. సైన్స్ ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?

జవాబు: తేడా చాలావరకు డిస్కౌంట్ రేటు దగ్గర పుడుతుంది. రేపటి నష్టానికి ఇవాళ్టి విలువ కట్టేటప్పుడు ఏటా ఎంత శాతం తగ్గించాలో చెప్పే అంకె అది. 2006లో బ్రిటన్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన నికొలస్ స్టెర్న్ దాన్ని సుమారు 1.4 శాతంగా తీసుకున్నారు. అమెరికా ఆర్థికవేత్త విలియం నోర్డ్‌హాస్ 5.5 దాకా వెళ్లారు.

కాలిక్యులేటర్ తీయండి. నూరేళ్ల తర్వాత 100 కోట్ల నష్టం జరుగుతుందనుకుందాం. 1.4 శాతం రేటుకు 1.014 పవర్ 100 వేస్తే దాదాపు 4 వస్తుంది. 100 కోట్లను దాంతో భాగిస్తే 25 కోట్లు. 1.055తో అదే లెక్క చేస్తే సుమారు 211 వస్తుంది, నష్టం 47 లక్షలకు కుంగిపోతుంది. దాన్ని ఆపడానికి ఇవాళ 10 కోట్లు పెట్టొచ్చా అంటే మొదటి లెక్క పెట్టమంటుంది, రెండోది వద్దంటుంది.

ఈ రేటులో రెండు పాళ్లున్నాయి. ఇంకా పుట్టనివాళ్ల కష్టాన్ని మన కష్టంతో సమానంగా తూచాలా అన్నది మొదటిది. స్టెర్న్ దీనికి 0.1 మాత్రమే వేశారు, అదీ మానవజాతే అంతరించిపోయే అవకాశం ఉంది కాబట్టి. నోర్డ్‌హాస్ 1.5 వేశారు, లెక్క మార్కెట్లో కనిపించే రాబడికి పొసగాలన్నది ఆయన వాదం. రాబోయే తరాలు మనకన్నా సంపన్నులవుతారు కాబట్టి వాళ్లకు జరిగే నష్టం అంత బరువు కాదన్నది రెండో పాలు. ఇక్కడే లొసుగుంది: సగటు సంపద పెరిగినా, వరదలో మునిగేవాళ్లకు ఆ సంపద అందుతుందన్న హామీ లేదు. మొదటి పాలును మాత్రం ఏ కొలతా తేల్చలేదు, అది నీతి ప్రశ్న. ఆలస్యంగా పుట్టినంత మాత్రాన ఒక మనిషి బాధకు విలువ తగ్గించడం మాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న: మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు ప్రమాదకరమని ఒకచోట, 80 రెట్లని మరోచోట రాస్తున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే. వాయువు కలిగించే వేడిని నూరేళ్ల వ్యవధికి లెక్కిస్తే 28, ఇరవై ఏళ్లకు లెక్కిస్తే 80. మీథేన్ గాలిలో సగటున పన్నెండేళ్లకు అటూఇటూగా మాత్రమే నిలుస్తుంది, అందుకే వ్యవధి పెంచేకొద్దీ అంకె తగ్గుతుంది. దగ్గరి ముప్పు ముఖ్యమనుకునేవారు ఇరవై ఏళ్లు, దూరం చూసేవారు నూరేళ్లు ఎంచుకుంటారు. ఒక పథకాన్ని ఒక వ్యవధితో, పక్క పథకాన్ని ఇంకో వ్యవధితో లెక్కించి పోల్చడం తరచూ జరిగే తప్పు. పట్టిక కింద ఉండే చిన్న అక్షరాలు ముందు చదవండి.

ప్రశ్న: భూమి వేడెక్కడానికి అసలు బాధ్యత ఎవరిది?

జవాబు: ఏటా వెలువడే కార్బన్ డయాక్సైడ్ చూస్తే చైనా ముందుంటుంది, 1850 నుంచి పోగైనది చూస్తే అమెరికా. తలసరి లెక్కలో ఖతార్ లాంటి చిన్న దేశాలు పైకొస్తాయి. 1992 ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం బాధ్యత ఉమ్మడిదే కానీ అందరికీ ఒకే స్థాయిలో ఉండదని రాసుకుంది. ఆ స్థాయిని ఏ లెక్కతో కొలవాలో మాత్రం చెప్పలేదు. చర్చలు ఇప్పటికీ అక్కడే చిక్కుకుంటున్నాయి.