మాస్టర్ టేపు ఎవరి పేరున ఉంది?

ప్రశ్న: అమెరికాలోని స్టాక్స్ రికార్డ్స్ అనే పాటల రికార్డుల సంస్థను ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు మొదలుపెట్టారని, కొద్ది ఏళ్లలోనే ఆ దేశమంతా వినే సంస్థ అయిందని ఒక రేడియో కార్యక్రమంలో విన్నాను. పెట్టుబడి, పలుకుబడి రెండూ లేనివాళ్లకు అదెలా సాధ్యమయింది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు విన్నది నిజమే. టెనసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో జిమ్ స్టూవర్ట్ పగలు బ్యాంకులో పనిచేస్తూ, తీరిక వేళల్లో కంట్రీ సంగీత బృందాలతో ఫిడేలు వాయించేవారు. 1957లో ఆయన శాటిలైట్ అనే పేరుతో ఒక చిన్న లేబుల్ (పాటల రికార్డులు విడుదల చేసే సంస్థ) ప్రారంభించారు. మంచి రికార్డింగ్ యంత్రం కొనడానికి చేతిలో డబ్బు లేకపోతే, మరో బ్యాంకులో పనిచేస్తున్న ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ తమ ఇల్లు తాకట్టు పెట్టించి 2,500 డాలర్లు తెచ్చారు. ఆ డబ్బుతో ఆంపెక్స్ యంత్రం వచ్చింది గానీ, వాళ్ల తొలి రికార్డులను కొన్నవారు తక్కువే.

మార్పు 1960లో, చోటు మారడంతో వచ్చింది. మెక్‌లెమోర్ అవెన్యూలో మూతపడి ఉన్న క్యాపిటల్ థియేటర్ అనే సినిమా హాలును వాళ్లు అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకించారు, గోడలకు తెరలు కట్టారు. నేలను చదును చేయించే స్తోమత లేక ఆ వాలును మాత్రం అలాగే వదిలేశారు. ఆ గదిలో చేసిన రికార్డులకు ఉన్న ప్రత్యేకమైన ధ్వనికి ఆ వాలు నేల కూడా ఒక కారణమని అక్కడ వాయించినవాళ్లు చెబుతూ వచ్చారు. హాలు ముందు భాగంలో, ఒకప్పుడు మిఠాయిలు, పాప్‌కార్న్ అమ్మిన చోట, ఎస్టెల్ రికార్డుల దుకాణం తెరిచారు.

నా దృష్టిలో స్టాక్స్ ఎదుగుదలకు మూలం స్టూడియో కన్నా ఎక్కువగా ఆ దుకాణమే. చుట్టుపక్కల ఎక్కువగా నల్లజాతివారు స్థిరపడుతున్న పేట అది. బడి వదిలాక పిల్లలు అక్కడ చేరి గంటల తరబడి పాటలు వినేవారు. ఏ రికార్డు వెంటనే అమ్ముడవుతోందో, ఏది పెట్టినప్పుడు పిల్లల కాళ్లు లయ అందుకుంటున్నాయో ఎస్టెల్ కౌంటరు వెనక నుంచి గమనించేవారు. లోపల కొత్తగా చేసిన పాటను ముందు వాళ్లకే వినిపించి, వాళ్ల ముఖాలు చూసి తీర్పు తెలుసుకునేవారు. ఆ కౌంటరులో పనిచేసిన స్టీవ్ క్రాపర్ సంస్థకు ప్రధాన గిటారిస్టు అయ్యారు. అక్కడికి వచ్చే బడిపిల్లల్లో ఒకరైన బుకర్ టి. జోన్స్ ఆర్గాన్ వాయిద్యకారుడయ్యారు. ఎదురుగా కిరాణా దుకాణంలో పనిచేసే డేవిడ్ పోర్టర్ రోడ్డు దాటి వచ్చి, ఐజాక్ హేస్‌తో జతకట్టి, పాటల రచయిత అయ్యారు. తెల్లవారూ నల్లవారూ ఒక హోటల్లో పక్కపక్కన కూర్చుని తినలేని నగరంలో, ఆ తలుపు లోపల మాత్రం వాళ్లు కలిసి వాయించారు.

1960లోనే స్థానిక రేడియో వ్యాఖ్యాత రూఫస్ థామస్ తన కూతురు కార్లాతో వచ్చి ఒక యుగళగీతం రికార్డు చేశారు. అది ఆ ప్రాంతంలో బాగా అమ్ముడవడంతో న్యూయార్క్‌లోని అట్లాంటిక్ రికార్డ్స్ పంపిణీకి ముందుకు వచ్చింది. 1961లో, శాటిలైట్ పేరుతో అప్పటికే మరో సంస్థ ఉందని తెలిసి, స్టూవర్ట్, ఆక్స్‌టన్ ఇంటిపేర్ల తొలి అక్షరాలు కలిపి స్టాక్స్ అని పేరు మార్చుకున్నారు. మరుసటి ఏడాది, వేరే పని కోసం వచ్చిన వాయిద్యకారులు ఖాళీ దొరికి సరదాగా వాయించిన ‘గ్రీన్ ఆనియన్స్’ అనే వాయిద్య సంగీతం దేశమంతటా మోగింది. అదే సంవత్సరం జార్జియా నుంచి ఒక గిటారిస్టును కారులో తీసుకువచ్చిన యువకుడికి, రికార్డింగ్ చివర మిగిలిన కాస్త సమయంలో పాడే అవకాశం ఇచ్చారు. తర్వాత స్టాక్స్‌కు పేరు తెచ్చిన గాయకుడు ఓటిస్ రెడింగ్ ఆయనే.

ప్రశ్న: ఇంత గొప్ప పాటలు చేసిన సంస్థ వాటిపై హక్కులు ఎలా పోగొట్టుకుంది? ఎవరైనా మోసం చేశారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మోసం అనే మాట కన్నా, చదవకుండా పెట్టిన సంతకం అనడం సరిగ్గా ఉంటుంది. మొదటి ఐదేళ్లూ అట్లాంటిక్‌తో వ్యవహారం ప్రధానంగా నోటిమాట మీదే నడిచింది. 1965లో దాన్ని కాగితం మీద పెట్టినప్పుడు స్టూవర్ట్ లాయరుకు చూపించకుండా, స్నేహం మీద నమ్మకంతో సంతకం చేశారు. అట్లాంటిక్ పంపిణీ చేసిన రికార్డింగుల మాస్టర్ టేపులు, అంటే రికార్డులన్నిటికీ ఆధారమైన మూల టేపులు, పూర్తిగా అట్లాంటిక్ సొత్తు అవుతాయన్న షరతు ఆ ఒప్పందంలో ఉంది.

ఆ షరతు వల్ల మూడేళ్ల పాటు ఏ ఇబ్బందీ కనిపించలేదు. 1967 చివర్లో అట్లాంటిక్ వార్నర్–సెవెన్ ఆర్ట్స్ చేతికి వెళ్లింది. కొత్త యాజమాన్యంతో బేరం కుదరక స్టాక్స్ విడిపోవాలనుకున్నప్పుడు, అప్పటిదాకా పంపిణీ అయిన తమ పాటలు తమవి కావని తెలిసింది. అంతకు కొద్ది నెలల ముందే, 1967 డిసెంబరు 10న, విస్కాన్సిన్‌లోని ఒక సరస్సులో విమానం కూలి ఓటిస్ రెడింగ్ చనిపోయారు. స్టాక్స్‌లో హిట్లు చేసిన శామ్ అండ్ డేవ్ జంట నిజానికి అట్లాంటిక్ అరువిచ్చిన గాయకులు కాబట్టి వాళ్లూ వెళ్లిపోయారు. 1968 ఏప్రిల్ 4న అదే మెంఫిస్‌లో, స్టాక్స్ కళాకారులు తరచూ కలుసుకునే లొరైన్ మోటెల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురయ్యారు. సంస్థ ఆస్తీ, అందులోని మనుషుల ధైర్యమూ ఒకే ఏడాదిలో ఇలా దెబ్బతిన్నాయి.

ఒక లేబుల్‌కు కొత్త పాట ఈ నెల ఖర్చులు గడుపుతుంది. పాత పాటలే దానికి ఆధారం. కొత్తవి ఆడని రోజుల్లో జీతాలు ఇచ్చేదీ, అప్పు పుట్టించేదీ పాత పాటల జాబితాయే. అది లేని సంస్థ ప్రతి ఏడాదీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ప్రశ్న: అలాంటి నష్టం తర్వాత కూడా స్టాక్స్ 1975 దాకా నిలిచిందంటారు. మరి చివరికి ఎందుకు మూతపడింది?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: 1965లో ప్రచార బాధ్యతలతో చేరిన ఆల్ బెల్ అనే నల్లజాతి యువకుడు 1968 తర్వాత సంస్థను భుజానికెత్తుకున్నారు. పోయిన జాబితాకు బదులుగా మరో జాబితా నిర్మించాలని 1969లో ఒక్కసారిగా 27 ఆల్బమ్‌లు విడుదల చేయించారు. వాటిలో ఐజాక్ హేస్ ఆల్బమ్‌లో ఉన్నవి నాలుగే పాటలు, వాటిలో ఒకటి 18 నిమిషాలకు పైగా సాగుతుంది. అంత పొడవైన పాటను రేడియో వేయదని అందరూ అనుకునే కాలంలో అదే అన్నిటికన్నా పెద్ద విజయం సాధించింది. 1972 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో వాట్‌స్టాక్స్ అనే కచేరీకి డాలరు టికెట్టు పెట్టి లక్షకు పైగా జనాన్ని రప్పించారు.

అదే ఏడాది సీబీఎస్ అనే పెద్ద రికార్డు సంస్థతో పంపిణీ ఒప్పందం కుదిరింది. దాన్ని కుదిర్చిన అక్కడి అధిపతి క్లైవ్ డేవిస్‌ను 1973లో సీబీఎస్ తొలగించిన తర్వాత అక్కడ స్టాక్స్ రికార్డులను పట్టించుకునేవారు లేకపోయారు. సరుకు దుకాణాలకు చేరలేదు, డబ్బు వెనక్కి రాలేదు, అప్పులు పెరిగాయి. 1975 డిసెంబరులో ఋణదాత యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకు చర్యతో సంస్థ దివాలా తీసింది; ఒకప్పుడు ఎస్టెల్ ఉద్యోగం చేసిన బ్యాంకు అదే. రెండుసార్లూ దెబ్బ పంపిణీ వైపు నుంచే తగిలిందని గమనించండి. మొదటిసారి హక్కులు పోయాయి, రెండోసారి దారి మూసుకుపోయింది. ఆ హాలును 1989లో కూల్చేశారు. 2003లో అదే స్థలంలో స్టాక్స్ మ్యూజియం వెలసింది.

ప్రశ్న: మా ప్రాంతపు జానపద గాయకుల పాటలు రికార్డు చేసి సొంత లేబుల్‌పై విడుదల చేస్తున్నాను. ఒక పెద్ద సంస్థ ఖర్చంతా భరిస్తామని, హక్కులన్నీ శాశ్వతంగా రాసివ్వమని అడుగుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: శాశ్వతంగా రాసివ్వవద్దు. పంపిణీకి లైసెన్సు ఇవ్వడం వేరు, మాస్టర్ హక్కును శాశ్వతంగా బదిలీ చేయడం వేరు. మొదటిది గడువు తీరాక మీ చేతికి తిరిగి వస్తుంది, రెండోది రాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతోనే జరగాలి. అందులో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. సంస్థలు “శాశ్వతంగా, ప్రపంచమంతటా” అని ప్రత్యేకంగా రాయించుకునేది ఇందుకే. ఆ రెండు మాటలు ఎక్కడున్నాయో వెతికి, వాటి స్థానంలో సంవత్సరాల సంఖ్య, ప్రాంతం పేరు వేయించండి. సంస్థ చేతులు మారినా, మీ రికార్డులను ఫలానా వ్యవధిలో విడుదల చేయకపోయినా ఒప్పందం రద్దు చేసుకునే హక్కు మీకుండేలా మరో షరతు చేర్పించండి. సంతకానికి ముందు కాపీరైట్ వ్యవహారాలు తెలిసిన లాయరుకు చూపించండి. ఆ ఫీజు మీకు భారమనిపించినా చెల్లించండి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. ఆ గాయకుల ముందు పెద్ద సంస్థ మీరే. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత ప్రదర్శకులకు వాణిజ్య వినియోగంపై రాయల్టీ పొందే హక్కు ఉంది. పాట కట్టినవారు ఉంటే వారి రాయల్టీ హక్కును వారసులకో, వారి తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇతరులకు రాసివ్వడం చెల్లదు. వారితో తెలుగులో ఒప్పందం రాయించండి, చదవలేనివారికి ఇంట్లోవాళ్ల ఎదుట చదివి వినిపించండి, ఒక ప్రతి వారి దగ్గరే ఉంచండి.